డప్పు మీద తోలు: మన విమర్శ దాటేసిన పని

దళిత సాహిత్యంలో డప్పు మోగినంతగా మరే వాయిద్యమూ మోగలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత వచ్చిన కవిత్వం, పాట, కరపత్రం, గోడరాత, ఎక్కడ చూసినా డప్పు ఉంది. 1994లో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమం 'దండోరా' పేరుతోనే జనంలోకి వెళ్లింది. పెద్దల మాట ఊరికి చాటడానికి వాడిన వాయిద్యం సొంత హక్కు చాటే వాయిద్యమైంది. ఇది చిన్న మార్పేం కాదు. అయితే ఈ రాతల్లో డప్పు ఎప్పుడూ మోగుతూనే కనిపిస్తుంది. తోలు చినిగి మూలనపడ్డ డప్పు, వానకి సడలి మూగబోయిన డప్పు, కొత్త తోలు కోసం ఎదురుచూసే డప్పు మన విమర్శకి పెద్దగా పట్టలేదు. శబ్దానికి ఇచ్చిన గౌరవం తోలుకి ఇవ్వలేదు. ఈ తేడా ఊరికే వచ్చింది కాదనీ, కులం నేర్పిన చూపే కొంత మన విమర్శలోకి కూడా దూరిందనీ నా వాదన.

ఇప్పుడీ మాట ఎత్తడానికి కారణముంది. డప్పు మీద తోలు పోయి ప్లాస్టిక్ వస్తోంది. తునిలో గానీ, తాండవ నది దాటి పాయకరావుపేటలో గానీ, ఇటు గోదావరి లంకల్లో గానీ జాతరో శవయాత్రో రాజకీయ ఊరేగింపో జరిగితే చూడండి. ఇనుప చట్రం, చుట్టూ బోల్టులు, మీద తెల్లటి ప్లాస్టిక్ షీటు. తోలు డప్పు పూర్తిగా పోలేదు గానీ పక్కకి జరిగింది. దీని మీద రెండు రకాల మాటలు వింటున్నాం. ఒకటి విలాపం: జానపద నాదం చచ్చిపోయిందని. రెండోది సంబరం: కుళ్లు పని వదిలిందని. రెండూ అసలు ప్రశ్నని తప్పించుకుంటున్నాయి.

ముందు పనేమిటో చూద్దాం. చెప్పుకి వాడే తోలు వేరు, డప్పుకి వాడే తోలు వేరు. చెప్పు తోలుని తంగేడు చెక్క లాంటి వాటి రసంలో ఊరబెట్టి పదును చేస్తారు. అది మెత్తబడి మన్నుతుంది గానీ సరిగా మోగదు. డప్పుకి కావలసింది పదును చెయ్యని పచ్చితోలు. మేకదో దూడదో తోలు తెచ్చి, సున్నం నీళ్లలో నానేసి, వెంట్రుక ఊడదీసి, లోపలివైపు అంటుకున్న మాంసం, కొవ్వు గీకెయ్యాలి. ఎక్కువ నానితే తోలు చివికిపోతుంది, తక్కువ నానితే వెంట్రుక రాదు. సున్నం పోయేదాకా కడగాలి. తడి మీద ఉండగానే చెక్క చట్రం మీద పరిచి అన్ని వైపులా సమానంగా లాగాలి. చింతపిక్కల జిగురుతో అంటించి, బిగించి ఆరనియ్యాలి. ఆరే కొద్దీ తోలు దానంతటదే బిగుసుకుంటుంది. ఒక పక్క ఎక్కువ లాగితే మోతలో తేడా వస్తుంది, మరీ లాగితే ఆరేటప్పుడు చీలుతుంది. వాయించే ముందు గడ్డి మంట మీద కాస్తే చెమ్మ పోయి నాదం పైకి లేస్తుంది. వానాకాలంలో ఆ మంట పదే పదే కావాలి.

ఇందులో రసాయన శాస్త్రం ఉంది, చేతి లెక్క ఉంది, గాలిలో తేమని పసిగట్టే తెలివి ఉంది. కంపు కూడా ఉంది. దాన్ని దాచకూడదు. సున్నంలో చేతులు ఒరుసుకుపోతాయి. తొట్టి ఉన్న పేటని ఊరు దూరం పెడుతుంది. ఆ తొట్టికి నీళ్లు మోసిందెవరు, తోలు కడిగిందెవరు అని అడిగితే ఇంటి ఆడవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. మన సభల బ్యానర్ల మీద మాత్రం సిర్ర ఎత్తిన మగవాడే ఉంటాడు. తుని దగ్గర లోవలో తలుపులమ్మ తల్లికి మేకనో కోడినో మొక్కు చెల్లించి అక్కడే వండుకు తినడం ఇప్పటికీ ఉంది. మొక్కు భక్తుడిది, మాంసం చుట్టాలది. తోలు ఎటు పోయిందని ఎవరూ అడగరు. భక్తి లెక్కలో అది లేదు, మన విమర్శ లెక్కలోనూ లేదు.

ఇక విలాపం సంగతి. తోలు నాదం పోయిందని బాధపడే జానపద అభిమానులకి ఒక్క ప్రశ్న. తోలు గీకే పని మీ పిల్లలకి నేర్పిస్తారా? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1956 అక్టోబరు 15న నాగపూర్ ప్రసంగంలో అంబేద్కర్ ఇలాంటి విలాపానికే జవాబిచ్చారు. చచ్చిన పశువుల్ని మొయ్యడం మహర్లు మానేస్తే తోలు, కొమ్ములు, ఎముకల మీద వచ్చే ఐదు వందల రూపాయలు నష్టపోతారని 'కేసరి' పత్రికలో లెక్కలు వచ్చాయి. అంత లాభముంటే ఆ పని మీరే చెయ్యండి, పైన ఇంకో ఐదు వందలు నేనిస్తాను అన్నది ఆయన జవాబు సారాంశం. తోలు కావాలి, తోలు తీసే మనిషి వద్దు. ఈ దేశం పద్ధతి ఇదే. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళితుల్ని కొట్టారు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, మన గోదావరి డెల్టాలోని అమలాపురంలో, కరెంటు షాకుతో చచ్చిన ఆవు తోలు తీస్తున్న ఇద్దరు దళిత అన్నదమ్ముల్ని చెట్టుకి కట్టేసి కొట్టారు. ఏ పనిని పుట్టుకకి అంటగట్టారో ఆ పని చేసినందుకే కొట్టారు. తోలు నాదం కావాలనేవాడు ముందు తోలు పట్టిన చేతికి రక్షణ అడగాలి. అది అడగని విలాపం సౌందర్య దృష్టి కాదు, పాత వెట్టి మీద బెంగ.

సంబరం సంగతి వేరు. దాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. కంపు పోయింది, వాన భయం పోయింది, గడ్డి మంట వెతుక్కునే పని పోయింది. ఇది నిజమైన ఉపశమనం. పైగా ఈ పని వద్దనడానికి మనకో ఆత్మగౌరవ చరిత్ర ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం తినమనీ, విగ్రహాలకి మొక్కమనీ, ఆదివారం పని చెయ్యమనీ నియమం పెట్టుకున్నారు. జాతరలో డప్పు కొట్టనన్నందుకు ఊరి పెద్దల చేతిలో వేధింపులు పడ్డారు. తునిలో కూడా కెనడా బాప్టిస్టు మిషను 19వ శతాబ్దం చివర్లోనే కేంద్రం పెట్టింది. డప్పు వదిలేసిన ఆ తాతల్ని 'సంస్కృతి పోగొట్టుకున్నవాళ్లు' అని రాసే పరిశోధకులు, అది సమ్మె అన్న సంగతి మర్చిపోతున్నారు.

కానీ ప్లాస్టిక్ మన విముక్తి కోసం పుట్టలేదు. పాలియెస్టర్ షీటుతో డ్రమ్ములు కప్పడం 1950ల రెండో సగంలో అమెరికాలో వ్యాపారంగా మొదలైంది. రెమో కంపెనీ 1957లో వచ్చింది. కాంగా అనే డ్రమ్ము సంగతి చూడండి. క్యూబాలో ఆఫ్రికన్ బానిసల సంతతి చేతుల్లో రూపం పోసుకున్న వాయిద్యం అది. ఒకప్పుడు దానికీ తోలుని మేకులతో కొట్టి, మంట మీద కాసి శ్రుతి చేసేవాళ్లు. తర్వాత ఇనుప రింగు, బోల్టులు వచ్చాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ఇవాళ అక్కడ తోలా ప్లాస్టిక్కా అన్న చర్చ చెవికి సంబంధించింది. మోత ఎలా ఉంది, చేతికి ఎలా ఉంది అని మాట్లాడుకుంటారు. బానిసత్వపు గాయం ఆ డ్రమ్ములో ఉన్నమాట నిజమే గానీ, తోలు నానేసిన మనిషికి తరతరాల మైల అంటదు. మన దగ్గర చర్చ చెవిది కాదు, అంటుది.

చట్రం ఇనుముదైనా, షీటు ప్లాస్టిక్‌దైనా, సావుకి డప్పు కొట్టాలంటే కబురు వెళ్లేది ఏ పేటకి? తోలు లేని డప్పుని కూడా అంటు వదల్లేదు. అంటే మైల తోలులో ఏనాడూ లేదు, మనిషి మీద వేసిన కులంలో ఉంది. ప్లాస్టిక్ మనకి చేసిన మేలు ఏదైనా ఉంటే, ఈ నిజాన్ని బయటపెట్టడమే.

అది చేసిన కీడూ ఉంది. పేటలో తిరగవలసిన కూలి షీటు అమ్మే కొట్టుకి మళ్లింది. ప్రభుత్వ లెక్క చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛన్లలో డప్పు కళాకారులది ఒక వరస, చర్మకారులది ఇంకో వరస. 2024 జూలై నుంచి ఇద్దరికీ నెలకి 4000 రూపాయలు. పింఛను మంచిదే. కానీ వాయించేవాడు కళాకారుడు, తోలు ముట్టినవాడు చర్మకారుడు అన్న గీత ఎవరు గీశారు? డప్పుకి తోలు వేసేవాడు ఏ వరసలో నిలబడాలి? వాయిద్యం తయారుచెయ్యడం కళ కాదన్న కచేరీ చూపే దరఖాస్తు ఫారం దాకా వచ్చింది.

ఈ చూపుని ఎదిరించిన పుస్తకాలు లేకపోలేదు. టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' (2020) మృదంగం చేసేవాళ్ల చరిత్ర. ఆవు, గేదె, మేక తోళ్లు లేకుండా మృదంగం లేదనీ, చేసేవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులనీ ఆ పుస్తకం పేర్లతో సహా చెప్పింది. పాల్ఘాట్ మణి అయ్యర్ నాదం వెనక పర్లాందు చెవి, చెయ్యి ఉన్నాయని చూపించింది. ఆవిష్కరణకి ఇస్తానన్న హాలుని చెన్నై కళాక్షేత్ర వెనక్కి తీసుకుని పుస్తకం చెప్పిందాన్నే రుజువు చేసింది. దాని విలువ కాదనలేం. అయినా ఆ దారి మనకి చాలదు. అక్కడ వాయించే విద్వాంసుడు ఒక కులం, చేసే మనిషి ఇంకో కులం. విద్వాంసుడి పేరు పట్టుకుని పాఠకుడు చేసే మనిషి ఇంటికి వెళతాడు. డప్పు చేసేదీ వాయించేదీ తరచు ఒకే పేట, ఒక్కోసారి ఒకే ఇల్లు. పరిచయం చెయ్యడానికి మధ్యలో విద్వాంసుడు లేడు. ఆ రాత మనమే రాసుకోవాలి.

కంచ ఐలయ్య 'పోస్ట్ హిందూ ఇండియా' (2009)లో మాదిగల్ని శాస్త్రజ్ఞులుగా నిలబెట్టారు. అంతకుముందు పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' (2007)లో కూడా తోలు పనికి గౌరవమైన చోటిచ్చారు. శ్రమని అవమానం నుంచి బయటికి లాగడంలో ఇది పెద్ద అడుగు. నా పేచీ ఒక్కటే. కులం మొత్తాన్ని శాస్త్రజ్ఞుడని పిలిస్తే, ఆ పని వదిలి పోదామనుకునే కుర్రాడికి ఏం చెబుతాం? శాస్త్రజ్ఞుడికి రాజీనామా హక్కు ఉంటుంది. మాదిగకి ఊరు ఆ హక్కు ఇవ్వలేదు. పొగడ్త కన్నా ముందు రావలసింది ఆ హక్కు.

నొప్పి కలిగించేదైనా ఇంకో మాట అనక తప్పదు. 'దళిత డప్పు' అని రాసినప్పుడు తోలు పని చేసిన కులం పేరు ఆ మాట కింద కనపడకుండా పోతుంది. ఉమ్మడి పోరాటానికి ఉమ్మడి గుర్తు కావాలి, నిజమే. కానీ గుర్తు అందరిదీ, కంపు కొందరిదీ అయితే ఆ ఉమ్మడితనం ఎన్నాళ్లు నిలుస్తుంది? 1994లో దండోరా అడిగింది ఈ వాటా ప్రశ్నే. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో వర్గీకరణ చెల్లదన్న సుప్రీంకోర్టు, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో చెల్లుతుందని చెప్పింది. ముప్పై ఏళ్లు పట్టింది. ఉద్యోగాల వాటా కోర్టులో తేలింది గానీ, గుర్తుల వాటా మన విమర్శలో తేలలేదు. మాల, మాదిగ విమర్శకులు ఎదురెదురుగా కాదు, పక్కపక్కన కూర్చుని తేల్చుకోవలసిన సంగతి ఇది.

తోలు డప్పుని కాపాడండి అని నేననను. షీటు డప్పుకి హారతివ్వమనీ అనను. తోలు వెయ్యడం తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే ఆ పని తీరు రాసిపెట్టాలి. తోలు ఎంపిక, సున్నం పాళ్లు, నానే రోజులు, లాగే పద్ధతి, అన్నీ వాళ్ల మాటల్లో, వాళ్ల ఒప్పుకోలుతో, వాళ్ల పేరు మీద రావాలి. డప్పు శిక్షణ పెట్టే సంస్థలు తోలు వేసేవాళ్లని గురువులుగా పిలిచి, వాయించే గురువుతో సమానంగా డబ్బివ్వాలి. ఆ తరగతిలో అన్ని కులాల పిల్లలూ తోలు ముట్టాలి. మాదిగ పిల్లలే ముడితే దాన్ని శిక్షణ అనం, వెట్టి అంటాం. ఇక రాసేవాళ్లం, పాఠం చెప్పేవాళ్లం, పాట కట్టేవాళ్లం, డప్పు కనబడ్డప్పుడల్లా మూడు సంగతులు అడుగుదాం. దీనికి తోలు ఎవరు వేశారు? వాళ్లకి ఎంత ముట్టింది? వెయ్యను అనే వీలు వాళ్లకి ఉందా? మూడోదానికి జవాబు లేదు అని వచ్చినంత కాలం డప్పు మీద ఏముందన్న చర్చ మనకి రెండో చర్చే.