నీటిశాస్త్రమూ, యంత్రం గీసిన బొమ్మలూ

సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో బొమ్మల గురించి, అందులోనూ విజ్ఞాన ప్రచారానికి వేసిన బొమ్మల గురించి రాయటం అనధికార ప్రసంగమని కొందరు మిత్రులు అనవచ్చు. నేను తెలుగు సాహిత్యంలో ఎమ్.ఏ. చదివి, కళాశాలలో ఆ పాఠమే చెప్పుకుంటున్నవాణ్ణి. రసాయనశాస్త్రంతో నా పరిచయం పదో తరగతితో ఆగిపోయింది. అయినా ఈ విషయం మన పరిధిలోదేనని నా అభిప్రాయం. ప్రజల కోసమని తయారైన ఒక కల్పన, తాను చెప్పదలచిన వాస్తవాన్ని చెబుతున్నదా, కప్పిపుచ్చుతున్నదా అని అడగటం విమర్శకుడి పని. ఆ కల్పన కథ అయినా, గేయమైనా, కృత్రిమ మేధ నాలుగు క్షణాల్లో గీసి చేతికిచ్చిన రంగుల బొమ్మ అయినా ఆ ప్రశ్న మారదు.

నాకీ ఆలోచన కలగటానికి కారణమైన సంగతి చెబుతాను. మా కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే సహోద్యోగి ఒకరు, కనిగిరి ప్రాంతపు వూళ్ళలో పంచటానికి ఫ్లోరైడు నీళ్ళ మీద ఇరవై పేజీల చిన్న పుస్తకం తయారుచేసి, తెలుగు సరిచూడమని నాకిచ్చారు. ఫ్లోరోసిస్ వ్యాధి గురించి మన దేశంలో వెలువడిన తొలి వైద్య నివేదికల్లో ఒకటి 1937 నాటిది. షార్ట్ మొదలైన వైద్యులు ఆనాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా మెట్టప్రాంతాన్ని చూసి రాసినది. తొంభై ఏళ్ళు కావస్తున్నా, ఆ విజ్ఞానం ఆ నీళ్ళు తాగే మనిషికి ఆమె భాషలో అందలేదంటే, అందించాలని పూనుకున్నవాణ్ణి మెచ్చుకోక తప్పదు. ఆయన చేతిలో చిత్రకారుడికిచ్చే డబ్బు లేదు. ఉన్నది ఒక వారం వ్యవధీ, ఒక చరవాణీ. బొమ్మలన్నీ యంత్రం చేత వేయించారు.

బొమ్మలు చూడముచ్చటగా వున్నాయి. ముఖచిత్రంలో ఎడమవైపు పచ్చగా, నురగలు కక్కుతూ ఒక మురికిగుంట; కుడివైపు నీలాకాశం లాంటి సెలయేరు, ఇత్తడి బిందె చంకనెత్తుకుని నవ్వుతున్న యువతి. (ఆ చీరకట్టు మా ప్రాంతానిది కాదు సరికదా, ఏ ప్రాంతానిదో చెప్పటం కూడా కష్టం.) లోపల 'సురక్షితమైన నీరు' అన్న శీర్షిక కింద పొయ్యిమీద కుతకుత వుడుకుతున్న నీళ్ళకుండ. ఒక సీసా మీద తెలుగు అక్షరాల్లాంటివి వున్నాయి. గుండ్రంగా, తలకట్లతో, దూరం నుంచి అచ్చం మన లిపే. దగ్గరికి వెళితే అందులో ఒక్క అక్షరమూ అక్షరం కాదు. ఇది చూసి నవ్వుకున్నాము, దిద్దించాము. నవ్వుకోరాని తప్పు ఎక్కడ వుందో మాకిద్దరికీ తట్టలేదు.

అది కనిపెట్టింది అక్షరం ముక్క రాని ఒక ముసలమ్మ. కాళ్ళు ముడవటానికి రాక, అరుగుమీద బారజాపుకుని కూర్చుని వుంది. మా వాచాలత అంతా విన్న తరువాత ముఖచిత్రం చేతిలోకి తీసుకుని, “ఇట్టాంటి మురికినీళ్ళు మేమెందుకు తాగుతాం నాయనా? మా బోరింగు నీళ్ళు అద్దంలాగుంటయ్యి. అయితే మాకేం బయం లేదన్నమాట!” అన్నది.

నా సహోద్యోగి ముఖం పాలిపోయింది. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నాలుక పట్టుకోగల రుచి లేదు. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా వుంటే మంచిదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సహించవచ్చుననీ మన ప్రమాణాల సంస్థ చెబుతుంది. అంతకు ఎన్నో రెట్లున్నా నీళ్ళు తేటగానే వుంటాయి. గ్రానైటు వంటి రాళ్ళలోని ఖనిజాల నుంచి ఏళ్ళ తరబడి కరిగి వచ్చేది అది. బోరు లోతుకు పోయినకొద్దీ, రాతితో నీటి సహవాసం పెరిగినకొద్దీ ఎక్కువయ్యే అవకాశం వుంటుంది. ఇక కాచటం అంటారా, కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని ఫ్లోరైడు చావదు. నీరు ఆవిరైపోగా మిగిలినదానిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. అంటే మా పుస్తకంలోని రెండు ప్రధాన చిత్రాలూ, పక్కనున్న వాక్యాలను ఖండిస్తూ, చదవటం రానివాళ్ళకు సరిగ్గా తలకిందుల పాఠం చెబుతున్నాయి. చదవటం వచ్చినవాళ్ళకు బొమ్మలతో పనేముంది?

యంత్రం ఇలా ఎందుకు గీసింది? అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్ళకు శ్రీశంకుకుడి చిత్రతురగ న్యాయం గుర్తుండే వుంటుంది. గోడమీది గుర్రాన్ని చూసి గుర్రమనుకుంటాము. అది నిజమనీ అనుకోము, అబద్ధమనీ అనుకోము. భట్టతౌతుడు ఆ అనుకరణవాదాన్ని చీల్చి చెండాడాడు, నిజమే. కాని ఆ వాదంలో కూడా గీసేవాడు ఎప్పుడో ఒకప్పుడు గుర్రాన్ని చూసినవాడే. ఈ యంత్రం గుర్రాన్ని చూడలేదు. లక్షలాది గుర్రం బొమ్మలనూ, వాటి కింది రాతలనూ చూసింది. 'చెడునీరు' అంటే మురికిగుంటనీ, 'మంచినీరు' అంటే నీలి సెలయేరనీ, 'సురక్షితం' అంటే కాచిన కుండనీ అంతకుముందు గీసినవాళ్ళు ఎక్కువమంది గీశారు గనక అదే గీసింది. మన నవలల్లో పల్లెటూరు అనగానే పచ్చని పైరూ, అమాయక రైతూ దిగబడినట్టే ఇదీను. దాన్ని మనం మూసపోత అన్నాము. యంత్రం చేసినపుడు మాత్రం మేధ అంటున్నాము.

మూసలో లోపం వుంటే పోతలో వుండక మానదు. నీటిశాస్త్రంలో ఆ మూస సంగతి లెక్కలతో సహా తేలింది. బెంజమిన్ ఆబట్, ఆయన సహచరులు 2019లో 'నేచర్ జియోసైన్స్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించారు. వివిధ దేశాల పాఠ్యపుస్తకాల్లోనూ, శాస్త్ర గ్రంథాల్లోనూ, ఇతరత్రా వున్న జలచక్ర చిత్రాలు 464 సేకరించి పరిశీలిస్తే, మనిషికీ నీటికీ గల సంబంధాన్ని చూపినవి 15 శాతమే. వాతావరణ మార్పు గాని, నీటి కాలుష్యం గాని కనిపించినవి 2 శాతం. మనుషులు తమ అవసరాలకు వశపరచుకునే మంచినీరు, పంటలూ పచ్చికలూ పీల్చుకునే నేలతేమతో కలుపుకుని, భూమిమీది నదులన్నిటి ప్రవాహంలో సగానికి సమానమని అదే వ్యాసం లెక్కగట్టింది. సముద్రం, మబ్బు, కొండ, వాన, నది, మళ్ళీ సముద్రం: మనమందరం బడిలో గీసిన బొమ్మ అది. అందులో ఆనకట్ట లేదు, బోరు లేదు, కర్మాగారపు గొట్టం లేదు. ఎవడు తోడుకున్నాడు, ఎవడికి లేకుండా పోయింది అన్న ప్రశ్నకు అందులో చోటే లేదు. బూర్జువా అర్థశాస్త్రం సంపదను ప్రకృతిసిద్ధంగా చూపినట్టు, ఈ చిత్రం నీటిని నిర్మానుష్యంగా చూపింది. ఎవరో కుట్రపన్ని చేశారని నేను అనను. అలవాటుకు కుట్రతో పనిలేదు.

ఈ విమర్శ వృథా కాలేదు. అమెరికా భూగర్భ పరిశీలన సంస్థ తన పాత జలచక్ర చిత్రాన్ని మార్చి, 2022 అక్టోబరులో వ్యవసాయమూ, పట్టణాలూ, పరిశ్రమలూ నీటిని వాడుకోవటాన్ని చూపే కొత్త చిత్రం విడుదల చేసింది. మనుషులు తర్కించి, తప్పు ఒప్పుకుని, గీత మార్చారు. యంత్రం మింగి కూర్చున్న బొమ్మల్లో ఈ కొత్త చిత్రం ఎన్నో వంతు? పాతవే కోకొల్లలు. దిద్దుకున్న విజ్ఞానాన్ని వెనక్కు లాగి, దిద్దుకోని అలవాటును మళ్ళీ రంగులు వేసి ఇచ్చే ప్రమాదం ఇక్కడ వుంది.

శాస్త్రజ్ఞులు దీనికి అతీతులనుకుంటే పొరపాటు. 2024 ఫిబ్రవరిలో 'ఫ్రాంటియర్స్' సంస్థ వారి జీవశాస్త్ర పత్రికలో, యంత్రం గీసిన ఒక ఎలుక బొమ్మ అచ్చయింది. అవయవాలు అసంభవాలు, పేర్లు అర్థంలేని అక్షరాల పోగులు. సమీక్ష దశ దాటి బయటపడింది. లోకం నవ్విన తరువాత కొద్ది రోజుల్లోనే వ్యాసాన్ని వుపసంహరించారు. ఎలుక కనక నవ్వి వూరుకున్నారు. ఉద్దానం సంగతి అలాంటిది కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరితోటల సీమలో మూత్రపిండాల వ్యాధి ఇన్ని ప్రాణాలు తీస్తున్నా, కారణం ఇదీ అని శాస్త్రం ఈనాటికీ నిర్ధారించలేదు. నీళ్ళా, పురుగుమందులా, ఎండలో చాకిరీయా, ఇవన్నీ కలిసా అన్న చర్చ సాగుతూనే వుంది. 'కావచ్చు' అన్న మాటను వాక్యం మొయ్యగలదు. బొమ్మ ఎలా మోస్తుంది? యంత్రాన్ని అడిగితే బావిలో ఒక పుర్రె గుర్తు పడేసి వూరుకుంటుంది. సందేహం కాస్తా తీర్పయిపోతుంది.

నేను యంత్రద్వేషిని కాను. 1811 ప్రాంతంలో ఇంగ్లండులో మగ్గాలు పగలగొట్టిన పనివాళ్ళ కడుపుమంట అర్థమవుతుంది గాని, అది మన మార్గం కాదు. నా సహోద్యోగి ఒక మాట అన్నారు: “మాస్టారూ, ఈ పరిశోధనంతా ఇంగ్లీషులో, డబ్బు కడితేగాని తెరుచుకోని పత్రికల్లో పడివుంది. బొమ్మ లేకపోతే నా పుస్తకం ఎవరూ ముట్టుకోరు. చిత్రకారుడి కోసం కూర్చుంటే ఇంకో తరం పళ్ళు గారపడతాయి.” దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అయితే ఆ యంత్రం కూడా నీళ్ళు తాగుతుందని ఆయనకు గుర్తు చేశాను. జీపీటీ-3 నమూనాను తర్ఫీదు చెయ్యటానికి అమెరికా కేంద్రాల్లో 7 లక్షల లీటర్ల మంచినీరు ఆవిరై వుంటుందని అక్కడి పరిశోధకులు 2023లో అంచనా కట్టారు. మన విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో ఇటువంటి కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది గనక, ఆ లెక్క మనకు పరాయిది కాదు.

కాని అసలు లోపం యంత్రంలో కన్న, యంత్రానికీ శాస్త్రానికీ మధ్య వుండవలసిన మనిషి లేకపోవటంలో వుందని నాకు తోస్తుంది. 1925లో, సోషల్ డెమోక్రాట్ల పాలనలో వున్న వియన్నాలో ఓటో నాయిరాత్ ఒక మ్యూజియం స్థాపించాడు. ఇళ్ళు, జీతాలు, శిశుమరణాలు — ఈ లెక్కలను పనివాళ్ళకు బొమ్మలతో చెప్పటం దాని పని. ఎక్కువ సంఖ్యకు పెద్ద బొమ్మ వెయ్యకూడదు, అదే బొమ్మ ఎక్కువసార్లు వెయ్యాలి అన్నది అక్కడి నియమం. గుర్తులు గీసినవాడు గెర్డ్ ఆర్న్‌ట్జ్. శాస్త్రజ్ఞుడి అంకెలకూ ఆర్న్‌ట్జ్ కలానికీ నడుమ మరొకరు వుండేవారు. ఏది చూపాలో, ఏది వదలాలో, చూసేవాడికి ఏ అపోహ కలగవచ్చునో తేల్చటం వారి వుద్యోగం. దానికి 'రూపాంతరకారుడు' అని పేరే పెట్టారు. ఆ పని చేసిన మరీ నాయిరాత్, తరువాత 1950ల దశకంలో పశ్చిమ నైజీరియా ప్రజల కోసం ఆరోగ్య పుస్తకాలు చేసినపుడు, యూరపు గుర్తులు అక్కడ పనికిరావని గ్రహించి మార్చుకున్నది. 1934లో ఫాసిజం ఆ మ్యూజియాన్ని మింగేసింది గాని, ఆ వుద్యోగం అవసరం తీరలేదు. మా పుస్తకానికి ఆ వుద్యోగం, జీతం లేకుండా, కాళ్ళు ముడవలేని ముసలమ్మ చేసింది.

బొమ్మలు మార్చాము. బి.ఎస్సీ. రెండో సంవత్సరం విద్యార్థిని ఒకతె గీసింది. ముఖచిత్రం మీద రెండు గ్లాసులు, రెండూ ఒకేలా తేటగా. వాటి కింద అవే నీళ్ళు, జిర్కోనియం–అలిజరిన్ మందు కలిపిన తరువాత: ఒకటి గులాబీ రంగులో వుండిపోయింది, రెండోది పసుపుకు తిరిగింది. పసుపుది ఫ్లోరైడు నీరు. కాచటం గురించిన పేజీలో రెండు కుండలు. మొదటిదానిలో నిండా నీళ్ళు, అయిదు చుక్కలు. రెండోదానిలో నీళ్ళు సగానికి దిగాయి, చుక్కలు అయిదూ అలాగే వున్నాయి. గీతలు వంకర. రంగులు పాతవాటి ముందు వెలవెల. ఈ ముఖచిత్రం చూసి పుస్తకం ఎవరు చేతిలోకి తీసుకుంటారని నా సహోద్యోగి ఇప్పటికీ గొణుగుతున్నారు. ఆయన భయంలో నిజం లేదని చెప్పలేను.

అచ్చుకు ఇచ్చే ముందు మళ్ళీ అదే అరుగు దగ్గరకు పోయాము. ముసలమ్మ కుండల బొమ్మ చాలాసేపు చూసి, “అయితే కాచుకుంటే కట్టెలు దండగన్నమాట,” అన్నది. మేము సంతోషించాము. ఆ తరువాత గులాబీ గ్లాసు మీద వేలు పెట్టి, “ఈ నీళ్ళు మా వూళ్ళో ఏడ దొరుకుతయ్యి?” అని అడిగింది.

ఆ పేజీ మా పుస్తకంలో లేదు. అచ్చు ఆపి, వూరికి వస్తానన్న గొట్టపునీళ్ళు ఎంతవరకు వచ్చాయో, అర్జీ ఏ కచేరీలో ఎవరికి ఇవ్వాలో, ఇరవై లీటర్ల డబ్బాకు ఇంటింటికీ నెలకు ఎంతవుతున్నదో కనుక్కుంటున్నాము.