ఊళ్లోకి మనం ఏ దారిన వెళ్తున్నాం?

పరిశోధకుల స్వేచ్ఛ గురించి సెమినార్లలో చాలా మాట్లాడుకుంటున్నాం. మాట్లాడాల్సిందే. 2016 నవంబర్‌లో బస్తర్‌లో ఒక ఆదివాసీ హత్య కేసులో ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ నందినీ సుందర్ పేరు ఎక్కించారు. సాల్వాజుడుంకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టుకెళ్లి 2011లో తీర్పు తెచ్చిన మనిషి ఆమె. ఆధారాల్లేవని 2019లో పోలీసులే ఆమె పేరు తీసేశారు. అదే 2016 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి నిజనిర్ధారణకు బయలుదేరిన ఏడుగురిని అరెస్టు చేసి నెలల తరబడి సుక్మా జైల్లో పెట్టారు. వీటిని ఖండించడంలో మాకు రెండో మాట లేదు. కానీ పత్తి, మిర్చి చేల మధ్య తిరిగే మాకు ఒక ప్రశ్న ఉంది. పోలీసు చెక్‌పోస్టు లేని చోట పరిశోధనకు అడ్డే లేదా?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మొదటి చెక్‌పోస్టు ఒక చిన్న ప్రశ్న. బస్సు దిగగానే ‘ఏ ఊరు బాబూ?’ అంటారు. ఆ వెంటనే ‘మీరేమిట్లు?’ అంటారు. ఆ జవాబును బట్టే ఎవరి అరుగు మీద కూర్చుంటామో, ఎవరింట్లో మంచినీళ్లు తాగుతామో తేలిపోతుంది. పెద్దింటి అరుగెక్కినవాడికి పేటలో నోరు విప్పరు. తెల్లారితే ఆ ఇంటివాళ్ల చేలోకే మిరపకాయలు కొయ్యడానికి పోవాలి మరి. పేటలో దిగినవాడికి ఊళ్లో తలుపు తియ్యరు. దీన్ని మన పద్ధతుల పుస్తకాలు ‘ప్రవేశ సమస్య’ అని ఒక పేరాలో తేల్చేస్తాయి. మా దృష్టిలో అది సమస్య కాదు, పరిశోధించాల్సిన విషయమే అది.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. బతికినవాళ్లు తెనాలి చేరారు. చుండూరులో అప్పటికే 144 సెక్షన్ ఉంది, పోలీసులున్నారు, సాంఘిక బహిష్కరణా ఉంది. హత్యలు ఆగలేదు. ఆ నిషేధాజ్ఞల సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 163 అయింది. నంబరు మారితే దాని నైజం మారుతుందా?

ఊళ్లోకి పోలేని రోజుల్లో శిబిరమే ఊరైంది. ఎవరు ఎటు పరిగెత్తారు, ఎవరు ఎవర్ని చూశారు అన్నది అక్కడే మాటల్లోకి వచ్చింది. చీరాల పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. కారంచేడు మీద బాలగోపాల్ 1985లో రాసిందీ, చుండూరు మీద సమతా సంఘటన 1991లో రాసిందీ మనకు ఇవాళ్టికీ ఆధారం. ఇవి హక్కుల ఉద్యమాల్లో తిరిగినవాళ్ల చేతిమీదుగా వచ్చినవి. మన విశ్వవిద్యాలయాల శాఖలు అప్పుడు ఎక్కడున్నాయి? తర్వాత తీరిగ్గా వచ్చి, ఆ నివేదికల్నే ఎత్తిరాసి, ‘వాణిజ్య పంటలు, పెట్టుబడి, కుల ఘర్షణ’ అని అధ్యాయాలు కట్టినవాళ్లు ఎంతమంది? చెరువు నీళ్ల దగ్గర బిందె ఎత్తి ఎదురుతిరిగిన సువార్తమ్మ ఆ అధ్యాయాల్లో ఒక ‘ఉదాహరణ’గా మిగిలింది.

రికార్డు పల్చనైతే ఏమవుతుందో చుండూరు చూపించింది. ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని దళితులు కొట్లాడి సాధించారు. ఆ కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. హత్యలు జరిగిన కచ్చితమైన సమయం, స్థలం, చంపినవాళ్ల గుర్తింపు రుజువు కాలేదంది. పొలాల్లో పడి ప్రాణం దక్కించుకుంటున్నవాడు గడియారం చూసుకుంటాడా? బాధితుడి మాటను ఇలా తూచే తూకం కోర్టులోనే లేదు, మన వైవాల్లోనూ ఉంది. ‘రెండో పక్షం వాదన ఏది? నువ్వూ ఆ కులంవాడివే కదా, తటస్థత ఎట్లా?’ అని దళిత విద్యార్థిని అడుగుతారు. పెద్దింటి అరుగు మీద కూర్చుని రాసినవాణ్ణి ఆ మాట అడగరు.

ఇంకో వైపు కూడా చూడాలి. పరిశోధకుడు ఊళ్లోకి వెళ్లడం గురించి ఇంత చర్చ. ఆ ఊళ్లలోంచి పరిశోధకుడుగా వచ్చినవాడి సంగతేమిటి? గుంటూరు బిడ్డ రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పిహెచ్‌డి విద్యార్థి. అతన్నీ, మరో నలుగుర్నీ హాస్టల్లోంచి పంపించి, అందరూ తిరిగే చోట్లకు రావద్దన్నారు. వాళ్లు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. చుండూరులో బహిష్కరణ అన్నదాన్ని క్యాంపస్‌లో క్రమశిక్షణ అన్నారు.

కాబట్టి ‘మాకు అనుమతి ఇవ్వండి’ అని ప్రభుత్వాన్ని అడగడంతో అకడమిక్ స్వేచ్ఛ పూర్తి కాదు. ఫీల్డుకు వెళ్లిన విద్యార్థి మీద కేసు పడితే శాఖ అతని వెనక నిలబడాలి. మనతో మాట్లాడటానికి ఒక పూట కూలి పోగొట్టుకున్న మనిషికి ఆ కూలి దక్కాలి. వాళ్లు చెప్పింది తెలుగులో వాళ్లకు చదివి వినిపించి, కాపీ పేటలో ఉంచాలి. ఏది రాయొద్దంటారో అది రాయకూడదు. చుండూరుకు కోర్టే వచ్చింది. విశ్వవిద్యాలయం రావడానికి అడ్డం ఏమిటో మన శాఖల సమావేశాల్లో తేల్చుకుందాం.