డిడో గ్రీకు అక్షరములు: గుణదోషములు

ఫిర్మిన్ డిడో 1805లో పారిసునందు రూపొందించిన గ్రీకు అక్షరములను గ్రీకు ఫాంటు సొసైటీవారు ‘జి.ఎఫ్.ఎస్. డిడో’ అను ఫాంటుగా పునరుద్ధరించిరి. డెబియన్ లినక్సునందు ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ అను ఆజ్ఞతో దీనిని చేర్చవచ్చును. ‘ఆప్ట్ రిమూవ్’తో తొలగింపవచ్చును.

గ్రీసు ప్రభుత్వము 1982లో బహువిధ స్వరచిహ్నములను విడిచి, ఒక్క ఊనిక గుర్తును నిలిపినది. ప్రాచీన గ్రంథములకు పాత చిహ్నములన్నియు కావలయును. వానిని విడువకుండుటయే ఈ ఫాంటునకు ముఖ్యగుణము.

లోపమును కలదు. ఇందలి లాటిన్ అక్షరములు డిడోవి కావు, పలాటినోను అనుసరించినవి. పేరును నమ్మినవారు భ్రమపడుదురు.

ఫాంటును తొలగించినను పాఠము నశింపదు. అక్షరసంకేతములు పత్రమందే యుండును. కాని పాత చిహ్నములు గల వేరొక ఫాంటు లేనిచో వాని స్థానమున ఖాళీ గడులే మిగులును. కావున తొలగించుటకు ముందు ప్రత్యామ్నాయమును చూచుకొనుట మేలు.