వల పట్టినవాడే వలలో

ఆర్థర్ కోనన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్’ ముగింపు అనగానే చాలామందికి గుర్తొచ్చేది పొగమంచులోంచి నిప్పులు కక్కుతూ దూకే వేటకుక్క. 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ దాకా స్ట్రాండ్ పత్రికలో నెలనెలా చదివినవాళ్లనూ అదే హడలగొట్టి ఉంటుంది. కానీ ఆ ముగింపు బలమంతా కుక్క మూతికి పూసిన భాస్వరంలో వెతికితే దొరకదు. హంతకుడు స్టేపుల్‌టన్ తొలిసారి హోమ్స్ మిత్రుడు వాట్సన్ కంటబడ్డప్పుడు అతని చేతిలో ఏముందో చూడాలి. (ముగింపు తెలియనివాళ్లు ఇక్కడే ఆగి, నవల చదివి రావడం మేలు.)

సీతాకోకచిలుకలు పట్టే ఆకుపచ్చ వల! ఆ ఏడో అధ్యాయంలోనే వాళ్లిద్దరూ చూస్తుండగా ఒక పొట్టి గుర్రం గ్రింపెన్ ఊబిలో కూరుకుపోయి, భయంకరంగా అరిచి, మునిగిపోతుంది. ఊబిలో దారులు తనకు కొట్టినపిండి అని గొప్పలు పోయిన స్టేపుల్‌టన్, అంతలో ఏదో చిన్న పురుగు ఎగిరితే వల పుచ్చుకుని అటే గెంతుతాడు. డార్ట్‌మూర్ బీళ్ల వర్ణనలా సాగిపోయే ఆ రెండు మూడు పేజీల్లో హంతకుడి స్వభావం, అతని పద్ధతి, అతని చావు మూడూ ఉన్నాయి. ఒక్కదాన్నీ డాయిల్ వేలెత్తి చూపించడు. ఆ నిగ్రహానికి దండం పెట్టాలి.

చివరి అధ్యాయాల్లో వల చేతులు మారుతుంది. ఈ మనిషిని సీతాకోకచిలుకలాగే పట్టి, గుండుసూది గుచ్చి, బేకర్ స్ట్రీట్ సేకరణలో చేరుస్తామంటాడు హోమ్స్. కుక్క చచ్చాక స్టేపుల్‌టన్ ఇల్లు మెరిపిట్ హౌస్‌లో మేడమీది గది తలుపు బద్దలు కొడితే, చుట్టూ కీటకాల గాజుపెట్టెలు, నడుమ స్తంభానికి కట్టేసి, దుప్పట్లు చుట్టి, నోరు నొక్కేసిన ఒక స్త్రీ. స్టేపుల్‌టన్ లోకానికి చెల్లెలని చెప్పుకున్న భార్య! ఆమె కూడా అతని సేకరణలో ఒకటేనని రచయిత అనడు. నవల మొత్తంలో ఒళ్లు జలదరించే ఘట్టం ఇదే, భయంలో కుక్కది దీని తర్వాతి స్థానమే.

స్టేపుల్‌టన్ ఊబిలోకే పారిపోతాడు. శవం కూడా దొరకదు, ఆ పొట్టి గుర్రం గతే పట్టిందనుకోవాలి. గుండుసూది గుచ్చే అవకాశం హోమ్స్‌కూ దక్కదు. ఊబి నడుమ పాత తగరపు గని దగ్గర గొలుసు, కొరికిన ఎముకలు, డాక్టర్ మార్టిమర్ పోగొట్టుకున్న స్పానియల్ కుక్క అస్థిపంజరం మాత్రం మిగిలాయి. మొదటి అధ్యాయంలో మార్టిమర్ చేతికర్ర మీది పంటిగాట్లను బట్టి హోమ్స్ పసిగట్టిన కుక్క అది! అక్కడ చమత్కారంగా కనబడ్డ జంతువు ఇక్కడ ఎముకలై తేలుతుంది.

బాస్కర్‌విల్ వంశం ఐతిహ్యంలో ఒక అమ్మాయి మీదికి వేటకుక్కల్ని ఉసిగొల్పిన పూర్వీకుడు హ్యూగో గొంతును పెద్ద కుక్క చీలుస్తుంది. ఆ కథను ఆయుధం చేసుకున్న స్టేపుల్‌టన్, అందులో వేటగాడికి ఏమైందో పట్టించుకోలేదు. డాయిల్‌కు ఇది అలవాటైన విద్యే: 1892 నాటి ‘ది స్పెకిల్డ్ బ్యాండ్’లో హంతకుడు రాయ్‌లాట్‌ను కరిచిందీ అతను వదిలిన పామే.

ఇంత అల్లికనూ సినిమాలు చేజేతులా పాడుచేశాయి. 1959 హ్యామర్ చిత్రంలో పీటర్ కుషింగ్ హోమ్స్‌గా అదరగొట్టాడు, సరే. కీటకాల పిచ్చిని మాత్రం హంతకుడి నుంచి లాగి బిషప్ ఫ్రాంక్‌ల్యాండ్‌కు అంటగట్టి, భయపెట్టడానికి ఒక విషపు సాలీడును తెచ్చిపెట్టారు. ముగింపుకు ఆయువుపట్టయిన వలే పోయాక ఎన్ని సాలీళ్లుంటే ఏం లాభం? 2012 బీబీసీ టీవీ కథలో మందు కలిపిన పొగమంచు మామూలు కుక్కను రాకాసిగా చూపిస్తుంది. తెలివైన ఊహే, కానీ సీతాకోకచిలుకకు అందులో చోటు లేదు. ఈ కథ నుంచే ప్రేరణ పొందిన మన హిందీ ‘బీస్ సాల్ బాద్’ (1962) అయితే కుక్కనే తీసేసి ఆడదెయ్యాన్ని పెట్టింది. హేమంత్ కుమార్ పాటలు లేకపోతే ఆ తప్పును ఎవరూ క్షమించేవారు కారు.

ఇప్పటి థ్రిల్లర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అట్టమీద కాకి, హంతకుడి గోడమీద గుడ్లగూబ బొమ్మ, ఆఖర్న దానికో ఉపన్యాసం. కథలో ఆ పక్షులు ఒక్కసారి వాలిన పాపాన పోవు. దయచేసి ఆ రచయితలు అట్ట గీయించే ముందు ఏడో అధ్యాయం ఇంకోసారి చదవాలి.