బొటనవేలి విద్య

విశాఖపట్నం మద్దిలపాలెంలో ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్న ఎవరి చేతికైనా పాత వీడియో గేమ్ జాయ్‌స్టిక్ ఇచ్చి చూడండి. కుడి బొటనవేలు దానంతటదే అడ్డంగా వాలిపోతుంది. వేలి కొస బీ బటన్‌ని నొక్కి పట్టుకునే ఉంటుంది, అది పరుగు. అదే వేలి కణుపు పక్కనున్న ఏ బటన్ మీద వాలి లేస్తుంది, అది గెంతు. ఇలా పట్టుకోవాలని ఏ మాస్టారూ చెప్పలేదు. నిన్న గోతిలో పడ్డవాడు ఇవాళ పక్కవాడి చెయ్యి చూసి నేర్చుకున్నాడు. పాత మేరియో, అడ్వెంచర్ ఐలాండ్ మళ్లీ ఆడేవాళ్లని చూసి చిన్నప్పటి మీద బెంగ అనుకుంటారు చాలామంది. బెంగ ఉంటే ఉండనివ్వండి. నా దృష్టిలో అది ఒక విద్య, వదిలేస్తే పోయే విద్య.

ఈ ఆటలు ఆడించే యంత్రం పుట్టింది జపాన్‌లో. 1983 జులై 15న నింటెండో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్ రూపకర్త మసయుకి ఉయెమురా. మన ఇళ్లకి వచ్చినవి చాలావరకు దాని నకళ్లే. రష్యాలో డెండీ, పోలండ్‌లో పెగాసస్ పేర్లతో అమ్మినవీ ఈ కుదురువే. మన దగ్గర లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ లాంటి పేర్లుండేవి. 1992లో ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన నాటి నుంచి ఆ దశాబ్దమంతా ఊళ్లో వీటి హవా నడిచింది. కొనలేనివాళ్లం షాపుల్లో గంట లెక్కన ఆడేవాళ్లం. ఆర్టీసీ డిపో వైపు సందుల్లోనో, కృష్ణా కాలేజీ చుట్టుపక్కలో ఒక చిన్న గది, ఒక టీవీ, రెండు జాయ్‌స్టిక్‌లు, కుర్చీల వెనక నిలబడి చూసే గుంపు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసి ఉండేది. తీరా పెడితే ఏవో కొన్ని ఆటలే పేర్లు మార్చుకుని, మొదలయ్యే స్టేజీ మార్చుకుని తిరిగి తిరిగి వచ్చేవి.

ఇంట్లో ఆడితే మరో చిక్కు. రాత్రి సి షిఫ్ట్ చేసి వచ్చిన నాన్న పడుకుని ఉంటే సౌండ్ పూర్తిగా తగ్గించాలి. మేరియోలో టైము వందకి దిగగానే కోజీ కొండో కట్టిన పాట వేగం అందుకుంటుంది, అదే హెచ్చరిక. సౌండ్ లేకపోతే పైనున్న అంకె వైపు ఒక కన్ను వేసి ఉంచాల్సిందే.

ఈ విద్య నోటి మాటగానే పాకింది. మేరియో 1-2లో, అంటే మొదటి లోకం రెండో స్టేజీలో, చివరి పైపు దగ్గర ఆగకుండా పైకప్పు మీదుగా పరుగెత్తితే ముందు లోకాలకి ఎగిరే వార్ప్ జోన్ వస్తుందని ఒకడు చెబితే సాయంత్రానికి పిఠాపురం కాలనీ దాకా తెలిసేది. 3-1 చివర మెట్లు దిగి వచ్చే తాబేలుని సరైన చోట తొక్కితే, డిప్ప మెట్టుకి కొట్టుకుని మళ్లీ కాలి కిందికే వస్తుంది. అలా తొక్కుతూ ఉంటే లైఫ్‌ల మీద లైఫ్‌లు. ఆశకి పోతే మాత్రం ప్రమాదం: లైఫ్‌లు 127 దాటితే ఆట ఆ లెక్క మోయలేదు, తర్వాత చచ్చిన వెంటనే గేమ్ ఓవర్. కాంట్రాలో ముప్ఫై లైఫ్‌ల కోసం పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ అని గడగడా అప్పజెప్పేవాళ్లం. దాన్ని మొదట పెట్టింది కొనామీలో కజుహిసా హషిమొతో, 1986లో గ్రేడియస్ ఆటని పరీక్షించడం తేలిక కావాలని. ఆయన సొంత అవసరానికి పెట్టుకున్న మీటల వరస మన సందుల్లో ఎక్కాల పక్కన చేరిపోయింది.

అసలు సంగతి గెంతులో ఉంది. సూపర్ మేరియో బ్రదర్స్ 1985 సెప్టెంబర్ 13న వచ్చింది. షిగెరు మియమొటో, తకాషి తెజుకా బృందం అందులో గెంతుకి పెట్టిన శ్రద్ధ ఇప్పుడు పెద్దయ్యాక ఆడితేనే కనబడుతుంది. బటన్ ఎంతసేపు నొక్కి ఉంచితే అంత ఎత్తు. పైకి లేచేటప్పుడు బటన్ పట్టుకుని ఉంటే మేరియోని కిందికి లాగే బలం తక్కువగా ఉంటుంది, వదిలిన క్షణం అది పెరుగుతుంది. నిలబడి గెంతిన దానికంటే పరుగు మీద గెంతింది ఎత్తు. గాలిలో ఉండగా దిశ మార్చుకోవచ్చు కానీ పరుగు ఊపు ఒక్కసారిగా చావదు, వెనక్కి నొక్కినా కొంత దూరం ముందుకే పోతాడు. ఈ బరువు వల్లే ప్రతి గెంతూ ముందే వేసుకున్న లెక్క అవుతుంది. ఎక్కడ లేవాలి అన్నది సగం, ఎక్కడ బటన్ వదలాలి అన్నది మిగతా సగం.

1-1నే మెల్లగా ఆడి చూడండి. మొదటి శత్రువు ఎదురుగా నడిచి వస్తుంది, గెంతక తప్పదు. ప్రశ్న గుర్తున్న ఇటుకని కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి కుడివైపు జారి, పైపుకి తగిలి తిరిగి మన వైపే వస్తుంది. శత్రువేమోనని భయపడి తప్పించుకోబోయినా ఆ ఇరుకులో అది తగిలే వీలే ఎక్కువ. తగిలాక మేరియో పెరుగుతాడు, అది మంచిదని అర్థమవుతుంది. స్టేజీ చివరికి వస్తే ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు, మధ్యలో నేల. జారినా ఏమీ కాదు, మళ్లీ ఎక్కొచ్చు. ఇంకాస్త ముందుకు వెళ్తే అలాంటివే మెట్లు, ఈసారి మధ్యలో గొయ్యి. సాధన ముందు, పరీక్ష తర్వాత. ఒక్క అక్షరం రాయకుండా ఇంత పాఠం చెప్పిన ఆటని పదేళ్ల వయసులో పరుగెత్తి దాటేశాం. ఇప్పుడు ఆగి చదవాలి.

మిగతా ఆటల గెంతులు వేరు. సర్కస్ చార్లీలో ఎత్తు మన చేతిలో లేదు, ఎప్పుడు నొక్కామన్నదే ఆట. కాంట్రాలోనూ ఎత్తు మారదు కానీ పల్టీ కొడుతూ గాలిలో ఎటైనా తిరగొచ్చు. ఒక్క తూటాకే ప్రాణం పోయే ఆటలో ఆ స్వేచ్ఛ ఉండాలి. అడ్వెంచర్ ఐలాండ్‌లో శక్తి కరిగిపోతూ ఉంటుంది, పళ్లు ఏరుకుంటూ పరుగెత్తాలి, స్కేట్‌బోర్డ్ ఎక్కామా ఆగడం కుదరదు. మేరియో అలవాటుతో అందులోకి వెళ్లినవాడు మొదట్లో దెబ్బ తింటాడు. రెండూ వెంటవెంటనే ఆడితే ఒక్కోదాని తూకం వేలికి తెలిసిపోతుంది.

ఇదంతా ఎంత చోటులో చేశారో గుర్తుంచుకోవాలి. మేరియో ఆట మొత్తం, 32 స్టేజీలూ పాటలతో సహా, 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకంటే పెద్దది. అందుకే పైన మబ్బు, కింద పొద ఒకే బొమ్మ, రంగే తేడా. ఒకే అడ్డ గీత మీద ఎనిమిది కంటే ఎక్కువ కదిలే ముక్కల్ని ఆ యంత్రం చూపించలేదు కాబట్టి గుంపుగా వస్తే మినుకుమినుకుమంటాయి. కాంట్రాలో తూటా మాయమై తగిలినట్టు అనిపించేది అందుకే.

మళ్లీ ఆడదామని ఫోన్‌లో ఆ పాత యంత్రంలా నడిచే ఎమ్యులేటర్ వేసుకున్నవాళ్లు మొదట చెప్పే ఫిర్యాదు, చెయ్యి కుదరడం లేదని. వయసు మీదికి నెట్టకండి. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు తెర నిండేది. జపాన్, అమెరికాల్లో 60. ఆటలో నడక, పాట, గడియారం అన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి. 60కి రాసిన ఆటని 50 మీద నడిపిన నకలు యంత్రాల్లో వేగం ఆరింట ఒక వంతు తగ్గేది. మన వేళ్లకి ఎక్కింది ఆ నెమ్మది మేరియో. కొన్ని ఎమ్యులేటర్లలో డెండీ అన్న ఎంపిక ఉంటుంది, అది పెడితే మన షాపుల నాటి వేగం తిరిగొస్తుంది. నేను మాత్రం ఆ వేగంలో చెయ్యి కుదుర్చుకుని, తర్వాత 60కి మారమంటాను. రాసినవాళ్లు అనుకున్న ఆట అది. ప్రపంచంలో ఆరితేరినవాళ్లు 4 నిమిషాల 55 సెకన్లలోపు ముగించేదీ ఆ వేగంలోనే.

కొత్త టీవీకి కలిపితే గేమ్ మోడ్ పెట్టుకోండి, లేకపోతే బొమ్మని చక్కదిద్దే పనిలో తెర ఆలస్యం చేస్తుంది, నొక్కిన తర్వాత గానీ మేరియో లేవడు. పాత పెట్టెతో వచ్చిన తుపాకీ మాత్రం కొత్త టీవీలో పని చేయదు, దానికి పాత గాజు గొట్టం టీవీయే కావాలి. అసలు పెట్టె, క్యాసెట్లూ ఇంకా దాచుకున్న అదృష్టవంతులు వాటిలోకి నోటితో ఊదడం మానాలి. ఊదితే పలికిందనుకున్నాం కానీ పని చేసింది తీసి మళ్లీ పెట్టడం. సముద్రం గాలికి ఈ ఊళ్లో ఇనుప గేట్లే నిలవవు, నోటి తడి కూడా తోడైతే ఆ సన్నటి లోహపు పలకలు చిలుమెక్కుతాయి. శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లతో అద్ది తుడవాలి.

ఎమ్యులేటర్‌లో అడుగడుగునా సేవ్ చేసుకుంటూ ఆడటం నాకు నచ్చదు. కష్టమైన చోటు సాధన చేయడానికి వాడుకోండి, తప్పులేదు. కానీ మూడు లైఫ్‌లే ఉన్నాయన్న భయంతో వేసే గెంతు వేరు, ఆ భయాన్ని లెక్కలోకి తీసుకునే స్టేజీలు కట్టారు. అన్నట్టు, ఆటలోనే ఒక దారి ఉంది: గేమ్ ఓవర్ అయ్యాక మొదటి తెర మీద ఏ బటన్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే, చచ్చిన లోకం మొదటి స్టేజీ నుంచే మొదలవుతుంది. అప్పట్లో ఇది ఎవరూ చెప్పలేదు, తెలిసి ఉంటే ఎన్ని గంటల అద్దె మిగిలేదో.

పిల్లలకి నేర్పాలనుకుంటే జాయ్‌స్టిక్ ఇచ్చి ఊరుకోండి. "ఇప్పుడు గెంతమ్మా" అని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి, 1-1 చెబుతుంది. వార్ప్ జోన్ సంగతి అన్నిటికంటే ఆఖరున చెప్పాలి. ముందే చెబితే నాలుగో లోకానికి ఎగిరిపోతారు. 2-2లో నీళ్ల కింద ఈత, 2-3 వంతెన మీద ఎగిరొచ్చే చేపలు, 3-1 మెట్ల మీద తాబేలు, ఏవీ చూడకుండానే.