లోపం పోయింది, కారణం దొరికిందా?

ఆదివారం నాడు అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారన్న సంగతి హైదరాబాదులో చదువుకున్న వారికి చెప్పనక్కరలేదు. ఆ గుట్టలలో నవలలకూ, పోటీ పరీక్షల పుస్తకాలకూ మధ్య మోటారు ఇంజన్లను బాగుచేసే విధానం చెప్పే పుస్తకాలు కూడా అప్పుడప్పుడు కనబడుతుంటాయి. అవి ఏ దేశంలో అచ్చయినా, దాదాపు అన్నిటిలోనూ చివరి పుటలలో ఒక పట్టిక ఉంటుంది. మూడు నిలువు గడులు: లోపం, కారణం, చేయవలసిన పని. ఇంజను స్టార్టు కాదు, ప్లగ్గుకు కరెంటు రావడం లేదు, ప్లగ్గు మార్చుము. ఇంజను బలం తగ్గినది. కార్బ్యురేటరులో మురికి చేరినది. జెట్టు శుభ్రం చేయుము. ఈ పట్టికను గురించే ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలచాను. సొంతంగా చిన్న విమానం కట్టుకొనేవారి చేతికి ఇది చేరినప్పుడు ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ మోసం చేస్తుంది అన్నది విచారించదగిన ప్రశ్న. పట్టిక తప్పు చెబితే స్కూటరును అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా తోసుకుంటూ పోవచ్చును. గాలిలో ఆ వీలు లేదు.

పట్టికను పూర్తిగా తీసిపారవేయడం న్యాయం కాదు. ఒకే నమూనా బండి లక్షల సంఖ్యలో తయారైనప్పుడు దాని జబ్బులు కూడా అన్నిసార్లూ ఒకే తీరుగా వస్తాయి. ఎందరో మెకానిక్కుల అనుభవం పోగుపడి, ఏ లక్షణానికి ఏ కారణం తరచుగా దొరుకుతుందో తేలుతుంది. కనుక పట్టికలో మొదట రాసిన కారణం నిజానికి ఒక సంభావ్యత మాత్రమే. ఎక్కువ బళ్లలో ఇదే జరిగింది, ముందు దీనిని చూడుము అని దాని భావం. ఫ్యాక్టరీలో తయారైన బండికి ఇది మంచి సలహాయే.

సొంతంగా కట్టిన విమానం సంగతి వేరు. 1903లో రైటు సోదరులు ఎగిరిన విమానం కూడా ఇట్టిదే. దాని నాలుగు సిలిండర్ల ఇంజనును వారి సైకిలు దుకాణంలో పనిచేసే చార్లీ టేలరు తయారు చేశాడు. దాని బలం సుమారు 12 అశ్వశక్తులు. మన దేశంలో అమోల్ యాదవ్ అనే పైలటు ముంబయిలో మేడ మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టి 2016లో ప్రదర్శించాడు. 2017లో దానికి రిజిస్ట్రేషను లభించినది. నేడు ఇట్టివి కట్టేవారిలో చాలామంది ఇంజనును మాత్రం రోటాక్సు, లైకమింగు వంటి పేరున్న కంపెనీల నుంచి కొనుక్కుంటారు. అయితే ట్యాంకు నుంచి కార్బ్యురేటరు దాకా పోయే గొట్టం, దాని వంపులు, ట్యాంకులోకి గాలి పోయే రంధ్రం, ఇంజను మీద కప్పే రేకు, సిలిండర్ల మీదికి గాలిని మళ్లించే పలకలు, వైర్లు, ఎర్తు – ఇవన్నీ కట్టినవాని చేతిపని. అట్టి అమరిక ప్రపంచంలో ఆ ఒక్క విమానానికే ఉంటుంది. పట్టిక ఇంజనును ఎరుగును గాని దీనిని ఎరుగదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో వెలువరించిన అధ్యయనంలో, సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాలకు ఇంజను శక్తి విఫలం కావడం, విమానం అదుపు తప్పడం అన్నవి రెండు ముఖ్య కారణాలుగా తేలినవి. అవి రెండూ తరచు ఒకదాని వెంట ఒకటి వచ్చేవే.

పట్టిక చేసే మోసానికి మన ఊరి వానాకాలం కంటె మంచి ఉదాహరణ దొరకదు. జూలై నెల, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, గాలి నిండా తేమ. చిన్న విమానం దిగడానికి ఇంజను వేగం తగ్గించినది. రెండు మూడు నిమిషాలకు ఇంజను మిస్సింగు కొట్టి, బలం పడిపోయినది. పైలటు ఎట్లాగో నేల మీదికి తెచ్చాడు. అరగంట తరువాత మూత విప్పి, పట్టికలో చెప్పినట్లు కార్బ్యురేటరు తీసి, జెట్టు ఊది, అడుగున చిటికెడు మురికి కనబడగానే ‘కచరా వచ్చింది’ అని సంతోషించాడు. బిగించి స్టార్టు చేస్తే ఇంజను చక్కగా నడిచినది. లోపం పోయినట్లే కదా?

ఆ ఇంజనును ఆపినది మంచు కావచ్చును. పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగుకుంటుందని విద్యార్థులు ఎరుగుదురు. అరచేతిలో స్పిరిటు పోసుకుంటే చల్లగా ఉండడం దాని వల్లనే. కార్బ్యురేటరు ఇరుకు గొంతులో గాలి వేగం పెరిగి పీడనం తగ్గడం వలన మరికొంత చల్లబడుతుంది. ఈ రెండూ కలిసి గాలి ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పైగా కూడా తగ్గించగలవు. 25 డిగ్రీల గాలి సున్నాకు దిగువకు పోతుంది; అందులోని తేమ మంచుగా మారి, సగం మూసిన త్రాటిల్ పలక అంచుల మీద పేరుకొని దారిని మూస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే వేసవిని తలపించే వేడిలో కూడా ఇది సాధ్యమే. మంచు అనేది చలిదేశాల బెడద అని మనవారు అనుకోవడం సహజం గాని, ఇక్కడ కావలసినది చలి కాదు, తేమ.

పైలటు కార్బ్యురేటరు విప్పేసరికి ఇంజను వేడికి మంచు కరిగి ఆవిరై పోయినది. సాక్ష్యం తనను తానే చెరిపివేసుకున్నది. చిటికెడు మురికి అంతకు ముందు వారం కూడా అక్కడే ఉండి ఉండవచ్చును. దాని మీద నేరం మోపి పట్టిక తృప్తి పడినది. మళ్లీ ఇట్టి సాయంకాలం వచ్చినప్పుడు అదే జరుగుతుంది. మండుటెండలో వేడెక్కిన గొట్టంలో పెట్రోలు ఆవిరి బుడగలై ప్రవాహం ఆగిపోవడం కూడా ఈ జాతిదే. చల్లబడగానే జాడ ఉండదు. లక్షణం పోవడాన్నే రుజువుగా తీసుకోవడం పట్టికలోని మొదటి దోషం. అందులో ‘ఆనాటి గాలి ఎట్లా ఉన్నది’ అని అడిగే గడి లేదు.

ఋతువుల విషయంలో మరొక చిక్కు కూడా ఉన్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలేదాకా మన ఊరి విమానాశ్రయంగా ఉన్న బేగంపేట సముద్రమట్టానికి సుమారు 530 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి ఎంత పలుచగా ఉంటుందంటే, ప్రామాణిక వాతావరణంలో సుమారు 1700 మీటర్ల ఎత్తున ఉండే గాలితో సమానం. డిసెంబరు ఉదయపు గాలితో పోలిస్తే ఒక ఘనపు మీటరు బరువు సుమారు పదోవంతు తక్కువ. సాదా ఫ్లోటు కార్బ్యురేటరులో గాలి బరువు తగ్గినంతగా పెట్రోలు తగ్గదు. మిశ్రమంలో పెట్రోలు పాలు హెచ్చి ప్లగ్గు మీద నల్లని మసి పేరుకుంటుంది. పట్టిక చూస్తే: ప్లగ్గు నల్లబడినది, పెట్రోలు ఎక్కువ, చిన్న జెట్టు వేయుము. మే నెలలో ఆ మాట విని జెట్టు మార్చినవాడు డిసెంబరులో పలుచని మిశ్రమంతో పూర్తి బలం తీసుకుంటూ పైకి లేస్తాడు. అప్పుడు సిలిండరు మితిమీరి వేడెక్కుతుంది. పట్టిక చెప్పినది అబద్ధం కాదు; ఏ నెలలో చెప్పినదో చెప్పలేదు, అంతే.

ఇంధనపు దారిని గురించి పట్టికలు చెప్పేది మరీ తక్కువ. ‘గొట్టం మూసుకొని ఉండవచ్చును’ అన్న ఒక్క వరుసతో సరిపెడతాయి. దీనికి ఉన్న మంచి పరీక్ష హైస్కూలు విద్యార్థికి కూడా అందుతుంది. పెట్రోలు కేవలం భారం చేత దిగే విమానంలో, ఇంజను పూర్తి బలం మీద తాగేదానికి ఒకటిన్నర రెట్లు గొట్టం నుంచి రావలెనని, పంపు ఉంటే ఒకటింబావు రెట్లు రావలెనని నియమం. గంటకు 24 లీటర్లు తాగే ఇంజను ఉన్నదనుకుందాం. ఒకటిన్నర రెట్లంటే 36 లీటర్లు. నిమిషానికి 600 మిల్లీలీటర్లు. కార్బ్యురేటరు దగ్గర గొట్టం విప్పి, కొలపాత్ర పెట్టి, గడియారం చూడవలెను. అయితే ముక్కు పైకెత్తి ఎక్కేటప్పుడు ఉండే వాలులో విమానాన్ని నిలబెట్టి ఈ పని చేయవలెను. ఎందుకంటే నేల మీద చదునుగా ఉన్నప్పుడు బాగా వచ్చే ధార ఆ వాలులో సన్నబడవచ్చును. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటే మొదట ధార బాగానే వచ్చి, లోపల పీడనం తగ్గిన కొద్దీ నీరసిస్తుంది; కనుక అర నిమిషం చూసి లేచిపోరాదు. ఇంత చక్కని లెక్క ఉండగా, దానిని వదలి ‘ఉండవచ్చును’ అని రాయడం ఎందుకో నాకు అర్థం కాదు.

పాత పుస్తకాలకు తెలియని సంగతి మరొకటి చేరినది. మన దేశంలో పెట్రోలులో ఎథనాల్ పాలు 2025 నాటికి 20 శాతానికి చేరినది. రోటాక్సు కంపెనీ తన 912 తరగతి ఇంజన్లకు 10 శాతం దాకానే అంగీకరించినది. ఎథనాల్ నీటిని ఆకర్షిస్తుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. నీరు హద్దు మీరితే రెండూ కలిసి వేరుపడి ట్యాంకు అడుగుకు దిగుతాయి. సన్నని కొలగొట్టంలో పది మిల్లీలీటర్ల నీరు పోసి గీత పెట్టి, పైన పెట్రోలు పోసి కుదిపి నిలబెడితే, అడుగు పొర గీత దాటి పెరుగుతుంది, పెరిగినది ఎథనాల్. ఉపాధ్యాయులు దీనిని ఆరుబయట, మంటకు దూరంగా, తామే చేసి చూపవలెను గాని పిల్లల చేతికి ఇవ్వరాదు.

పట్టికలకు భిన్నంగా ఆలోచనా విధానాన్నే బోధించిన పుస్తకం ఒకటి ఉన్నది. రాబర్టు పిర్సిగ్ 1974లో ప్రచురించిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్’. అందులో తత్త్వం పాలు ఎక్కువై నా వంటి పాఠకుని విసిగించే అధ్యాయాలు లేకపోలేదు. కాని మోటారు సైకిలు ఆగిపోయినప్పుడు ఊహను ఒక పుస్తకంలో రాసుకొని, ప్రయోగంతో పరీక్షించి, ఫలితం రాసుకోవడాన్ని గురించి చెప్పిన భాగం ఏ విజ్ఞానశాస్త్ర వాచకానికీ తీసిపోదు. మరొక చోట కథకుని బండి వానలో ఆగిపోతుంది. వాన వల్లనే ఆగినదని అతడు నిశ్చయించుకుంటాడు. తీరా చూస్తే అసలు ట్యాంకు ఖాళీ. రిజర్వులో మాత్రం పెట్రోలు ఉన్నది. పాత బజాజు స్కూటరు నడిపిన మన పెద్దలకు ఈ అనుభవం కొత్త కాదు.

రోడ్డు మీద నవ్వు తెప్పించే ఆ కథ గాలిలో ఎట్లా ముగిసినదో చూడండి. 1997 అక్టోబరు 12న అమెరికా గాయకుడు జాన్ డెన్వరు తాను కొత్తగా కొన్న లాంగ్-ఈజీ అనే చిన్న విమానంలో కాలిఫోర్నియా తీరాన సముద్రంలో కూలి మరణించాడు. ఆ విమానాన్ని కట్టినది ఇంకొకరు. ఏ ట్యాంకు నుంచి పెట్రోలు రావలెనో నిర్ణయించే వాల్వు నమూనా ప్రకారం పైలటు ముందు ఉండవలెను. కట్టినవాడు దానిని పైలటు ఎడమ భుజం వెనుక పెట్టాడు. పిడి మీద గుర్తులు లేవు, ఇంధనం మట్టం చూపే గాజుల మీద గీతలు లేవు. దర్యాప్తు చేసినవారు తేల్చినదేమంటే, పైలటు బయలుదేరేముందు పెట్రోలు పోయించుకోలేదు. పిడి కోసం వెనుకకు తిరిగినప్పుడు అతని ధ్యాస మళ్లి, కుడి కాలు రడ్డరు పెడలును నొక్కినది. విమానం అదుపు తప్పినది. ఇందులో ఏ ఇంజను పుస్తకపు పట్టికకు పని ఉన్నది? ప్లగ్గు, జెట్టు, పిస్టను వీటిలో దేనినీ నిందించే అవకాశం లేదు. లోపం ఒక పిడిని పెట్టిన చోటులో ఉన్నది. నేను పైన చెప్పిన 2012 అధ్యయనం ప్రకారం, 2011లో దర్యాప్తు చేసిన ఇట్టి ప్రమాదాలలో సగానికి పైగా విమానాలు, నడిపేవారు కట్టినవి కాక, ఇతరుల నుంచి కొన్నవే. కట్టినవాడు తన వంకర పనిని తాను ఎరుగును, కొన్నవాడు ఎరుగడు.

ఈ దృష్టితో చూస్తే టోనీ బింగెలిస్ 1983లో వెలువరించిన ‘ఫైర్‌వాల్ ఫార్వర్డ్’ మెచ్చదగినది. పుస్తకమంతా ఇంజను లోపలి భాగాలకు కాక, దానిని విమానంలో అమర్చే పద్ధతులకే కేటాయించాడు: బిగింపు, గాలి పలకలు, గొట్టాలు, వైర్లు. బొమ్మలు ధారాళం. లోపం వచ్చిన తరువాత వెదకడం కంటె, వచ్చే చోటును ముందే చూడడం అతని పద్ధతి. అయితే అతడు రాసినది అమెరికా ఔత్సాహికుల కోసం. సామాను కేటలాగులో చూసి తెప్పించుకొనే వారి కోసం. మన బంకు పెట్రోలుకు, మన మే నెలకు తగిన పుస్తకం తెలుగులో ఎవరైనా రాయవలెను.

అట్టి పుస్తకంలో పట్టిక ఉండకూడదని నేననను. నాలుగవ గడి ఒకటి చేర్చమంటాను: ఇదే కారణమని ఎట్లా తెలిసినది? నాంపల్లి సందులలో కార్లు బాగుచేసే మెకానిక్కుకు ఈ గడి చదువు లేకుండానే తెలుసు. ఒక సిలిండరు మిస్సింగు కొడుతుంటే అతడు కొత్త ప్లగ్గు వేయడు. దాని ప్లగ్గును పక్క సిలిండరుకు, పక్కదానిని దీనికి మార్చి చూస్తాడు. మిస్సింగు ప్లగ్గు వెంట పోతే నేరం ప్లగ్గుది. సిలిండరులోనే నిలిచిపోతే ప్లగ్గు నిర్దోషి. కాయిలునో, వాల్వునో, కంప్రెషనునో చూడవలెను. ఒక్కసారికి ఒక్క మార్పే, మార్పుకు ముందు ఊహ, తరువాత ఫలితం. పదవ తరగతి ప్రయోగశాలలో మనం నేర్పదలచి, రికార్డు పుస్తకం నింపే తొందరలో నేర్పకుండా పోయేది ఇదే.

విమానపు ఇంజనులో ప్రతి సిలిండరుకు సాధారణంగా రెండు ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే మాగ్నెటోలు రెండు ఉంటాయి. ఎగిరేముందు ఒక్కొక్కదానిని ఆపి చూస్తారు. ఆపినప్పుడు ఇంజను తిరిగే వేగం కొద్దిగా తగ్గవలెను. ఎక్కువ తగ్గితే పట్టిక హెచ్చరిస్తుంది. అసలు తగ్గకపోతే? కొత్తవాడు ఇంజను బ్రహ్మాండంగా ఉన్నదని మురిసిపోతాడు. స్విచ్చు నుంచి మాగ్నెటోకు పోయే ఎర్తు వైరు తెగి ఉంటే జరిగేది అదే. స్విచ్చు ఆపినా ఆ మాగ్నెటో ఆగదు. ఇంజను చల్లగా, తాళం జేబులో ఉండగా, ఎవరో పంఖా రెక్కను చేత్తో తిప్పి పక్కకు జరపబోతారు. సిలిండరులో కొద్దిపాటి పెట్రోలు మిగిలి ఉంటే చాలు, ఇంజను ఒక్కసారిగా రాజుకొని ఆ చేతిని కొడుతుంది.