బిడ్డకు తమీజ్ సరే, బడికో?

ప్రైమరీ బడిలో మంచి పిల్లవాడంటే ఎవరు? చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ‘నోటిమీద వేలు’ అనగానే వేలేసుకునేవాడు. అడిగినప్పుడు మాత్రమే నోరు విప్పేవాడు, అడిగితే కళ్లలోకి చూసి గట్టిగా జవాబు చెప్పేవాడు. ఉతికిన బట్టలతో, పూర్తిచేసిన హోంవర్కుతో వేళకు వచ్చేవాడు. ఈ జాబితా పూర్తిగా ఏ బడి గోడమీదా రాసి ఉండదు. అయినా టీచర్లందరికీ నోటికి వచ్చు. దీనికి నప్పిన పిల్లవాడు చదువుకు తయారై వచ్చినట్టు. నప్పనివాడి గురించి మూడు మాటలుంటాయి: ‘ఇంకా తయారవలేదు’, ‘ఇంట్లో పట్టించుకోరు’, ‘వీళ్లంతే’. మొదటి రెండు మాటలతో వాదించవచ్చు. మూడో మాట దగ్గరే పేచీ. వీళ్లంటే ఎవరు?

ఈ మంచి పిల్లవాణ్ని టీచర్లే తయారుచేయలేదు. మన నీతి పద్యాలూ, కథలూ, పాత రిపోర్టులూ, తెలుగులోనూ ఉర్దూలోనూ హిందీలోనూ కలిసి తయారుచేశాయి. వాటిని ఇప్పుడు మళ్లీ చదవాల్సి ఉంది. చదివితే నాకు తేలిన సంగతి ఒకటే. బడి కోరే ‘తయారీ’లో సగం చదువుకు సంబంధించింది కాదు. అది టీచరు పుట్టిపెరిగిన ఇంటికి సంబంధించింది. ఆ ఇల్లు లాంటి ఇంటినుంచి వచ్చిన పిల్ల తయారైన పిల్ల, వేరే ఇంటినుంచి వచ్చిన పిల్ల తయారుకాని పిల్ల.

సికిందరాబాద్‌లో ఈ సంగతి ఎవరికైనా కనబడుతుంది. మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో పేరు పెట్టుకున్న ఈ ఊరు పుట్టుకతోనే దండు ఊరు. పల్టన్లతో కొందరొచ్చారు, రైలుతో ఇంకొందరొచ్చారు. వారాసిగూడలోనో, చిలకలగూడలోనో, రెజిమెంటల్ బజార్‌లోనో ఒక గల్లీలో నిలబడితే నాలుగు భాషలు వినబడతాయి. అక్కడి ఐదేళ్ల పిల్ల అమ్మీతో దక్కనీలో గొడవపడుతుంది. కిరాణా కొట్టులో తెలుగులో బేరం చేస్తుంది. టీవీ ముందు హిందీ పాట పాడుతుంది. సాయంత్రం ఖాయిదా ముందు పెట్టుకుని అరబ్బీ అక్షరాలు వల్లిస్తుంది. జూన్ నెలలో ఒకటో తరగతిలో కూర్చోగానే ఆ పిల్లకు ‘మాటలు రావు’ అని పేరొస్తుంది.

పుస్తకం పట్టుకోవడమే చూడండి. పిల్ల చదువుకు సిద్ధంగా ఉందా లేదా అని చూసే జాబితాల్లో పుస్తకం సరిగ్గా తెరవడం, ఎడమనుంచి కుడికి వేలు పెట్టి చూపడం తప్పకుండా ఉంటాయి. ఖాయిదా చదివిన పిల్ల పుస్తకాన్ని అవతలి వైపునుంచి తెరుస్తుంది, వేలు కుడినుంచి ఎడమకు నడుపుతుంది. చూసేవాళ్లకు ఆ పిల్ల పుస్తకం ముఖం చూడనిదిగా కనబడుతుంది. నిజానికి ఆ పిల్ల అప్పటికే ఒక లిపి మొదలుపెట్టి ఉంది. పాఠం చదివేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. మక్తబ్‌లో అది చదివే పద్ధతి, బడిలో అది కుదురులేనితనం. పెద్దవాళ్లు గద్దిస్తే కళ్లు దించుకుంటుంది. ఇంట్లో అది అదబ్, బడిలో మొండితనం. తప్పు చేసిందెక్కడ?

ఇంకో విచిత్రం. తెలుగు బడి రోజు ‘హాజరు’తో మొదలవుతుంది. టీచరు బోర్డుమీద ‘తారీఖు’ వేస్తుంది. ‘కాగితం’ తీయమంటుంది, ప్రశ్నకు ‘జవాబు’ చెప్పమంటుంది. ఈ మాటలన్నీ ఆ పిల్ల ఇంటి దారినే తెలుగులోకి వచ్చాయి. హాజిర్, తారీఖ్, కాగజ్, జవాబ్ అన్నవి ఆ పిల్ల తల్లి నోట రోజూ నలిగే మాటలు. మాటలు బడిలో చేరిపోయాయి. మాటలు తెచ్చిన ఇంటి బిడ్డ మాత్రం ఇంకా చేరాల్సి ఉంది.

ఇది నిన్నమొన్న పుట్టిన జబ్బు కాదు. తెలుగు ప్రాంతపు పాత బడి ఎట్లా ఉండేదో చెప్పే రాతల్లో బళ్లారి కలెక్టర్ ఎ.డి. కాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టు ఒకటి. ఈయన తెలుగు వ్యాకరణం కూడా రాసిన దొర. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి, 21 పారశీకానివి అని లెక్క చెప్పాడు. చదివే పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో ముస్లిం పిల్లలు 243 మంది. ఆ బడిలో క్రమశిక్షణ పొద్దున్నే మొదలయ్యేది. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, అది గౌరవం. రెండోవాడి చేతిలో సున్నా, పొగడ్తా లేదు తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. సోమరిపోతుల్ని చేతులు కట్టి దూలానికి వేలాడదీసేవారు, గుంజీలు తీయించేవారు. మన పెద్దలు కోదండం అని కథలుగా చెప్పుకునేది ఇదే.

ఈ రిపోర్టును కొందరు మన పాత బడుల గొప్పకు సాక్ష్యంగా చదువుతారు. ఇంకొందరు వాటి మోటుతనానికి సాక్ష్యంగా చదువుతారు. నేను ఆ వరసను చూస్తాను. ముందు వచ్చేవాడెవడు? బడి పక్కన ఇల్లున్నవాడు, పొద్దున్నే పశువుల దగ్గరికి పోనక్కర్లేనివాడు. ఆఖర్న వచ్చేవాడెవడు? దూరంనుంచి, పని ముగించుకుని వచ్చేవాడు. దెబ్బలు ఆలస్యానికి పడ్డట్టే ఉంటాయి, నిజానికి పడ్డవి ఇంటి పరిస్థితికి. ఇక ఆ 243 మందిలో ఒకడు తెలుగు బడిలో అందరికంటే ముందొచ్చి చెయ్యి చాపితే, ఆ అరచేతిలో ఏం రాసి ఉంటారు? శిక్షకు మతం లేదు, దెబ్బలు అందరికీ పడతాయి. గౌరవానికి మాత్రం మతం ఉంది. ఈ రోజుకీ మన బడుల్లో బహుమతి, ప్రార్థన, పండుగ, మంచి పిల్లవాడి బొమ్మ ఎవరి ఇంటినుంచి వస్తున్నాయో చూస్తే ఆ అరచెయ్యి గుర్తొస్తుంది.

అట్లాగని తప్పంతా అవతలివాళ్లదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. ఉర్దూలో మంచి పిల్లల్ని తయారుచేసిన పెద్ద పుస్తకం డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869 నాటి ‘మిరాతుల్ ఉరూస్’. ఆయన స్కూళ్ల డిప్యూటీ ఇన్స్పెక్టరుగా చేసినవాడు, తర్వాత సాలార్ జంగ్ హయాంలో హైదరాబాద్ కొలువులో కూడా ఉన్నవాడు. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్లు. పెద్దది అక్బరీ, తమీజ్ లేనిది. చిన్నది అస్గరీ, అన్నీ తెలిసినది, ఇంట్లోనే ఆడపిల్లలకు బడి నడిపిన తెలివైనది. ఆడపిల్లల చదువుకోసం ఆ కాలంలో అంత గట్టిగా రాసినందుకు ఆయనకు సలాం. కానీ అక్బరీ చెడ్డదని మనకెట్లా తెలుస్తుంది? ఆమె స్నేహితుల్ని చూపించి తెలియజేస్తాడు. కలాయివాళ్ల పిల్ల, నీళ్లు మోసే భిస్తీ ఇంటి పిల్ల, కూరలమ్మే ఇంటి పిల్ల. వీళ్లతో తిరగడమే అక్బరీ చెడిపోయిందనడానికి గుర్తు. ఆ పుస్తకంలో తమీజ్ అంటే షరీఫ్ ఖాందాన్ల తమీజ్. కలాయి పూసే చేతుల తమీజ్ అందులో లెక్కకు రాదు.

ఆ లెక్క మనలో ఇంకా పోలేదు. దూదేకుల పిల్లవాడు మన మక్తబ్‌కు వస్తే, ఉర్దూ రాదని తోటి పిల్లలు నవ్వుతారు, కొన్నిచోట్ల ఉస్తాద్‌లూ నవ్వుతారు. అదే పిల్లవాడు తెలుగు బడికి పోతే పేరు చూసి, ‘నీకు తెలుగు బాగానే వచ్చే!’ అని ఆశ్చర్యపోతారు. పుట్టినప్పటినుంచీ మాట్లాడే భాష వచ్చినందుకు శభాష్ అనిపించుకోవాల్సిన పిల్లవాడు వాడొక్కడే. ఉర్దూ బడిలో దక్కనీ పిల్లకూ ఇదే గతి. ‘హౌ’ అంటే ‘జీ హాఁ’ అనమంటారు, ‘మేరేకు’ అంటే ‘ముఝే’ అని దిద్దుతారు. దిద్దడం తప్పు కాదు. అమ్మ మాటను బజారు మాటగా దిద్దడం తప్పు.

ఇప్పుడు బడి ఇష్టంగా పెట్టుకున్న ముస్లిం పిల్లవాడి దగ్గరికి వద్దాం. ప్రేమ్‌చంద్ 1933లో రాసిన ‘ఈద్‌గాహ్’లో హామిద్. మన తెలుగు పిల్లల హిందీ వాచకంలోనూ ఈ కథ ఉంది. తల్లీతండ్రీ లేని నాలుగైదేళ్ల పిల్లవాడు మూడు పైసలతో మేళాకు పోయి, బొమ్మలూ మిఠాయిలూ వదిలేసి, రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ అమీనా చేతులు కాలుతున్నాయని చిమ్టా కొనుక్కొస్తాడు. క్లాసులో ఈ కథను త్యాగం అనే ఒక్క మాటలో ముగించేస్తారు. అడగడు, ఏడవడు, తనకోసం ఏమీ కోరడు. అందుకే మంచి పిల్లవాడు. మైనారిటీని ఇట్లా ఉండమని చెప్పడం ఎంత తేలిక!

కానీ ప్రేమ్‌చంద్ రాసిన హామిద్ ఇతను కాదు. కథలో సగం బలం హామిద్ నోట్లో ఉంది. దుకాణదారుతో బేరమాడి మూడు పైసలకే చిమ్టా తెచ్చుకుంటాడు. సిపాయి, భిస్తీ, వకీలు బొమ్మలు కొన్న స్నేహితులు ఎగతాళి చేస్తే వాదనకు దిగి, ఇనుప చిమ్టా ముందు మట్టి బొమ్మలన్నీ ఓడిపోయేట్టు చేస్తాడు. ఇదే పిల్లవాణ్ని ఒకటో తరగతిలో కూర్చోబెట్టండి. ‘వాగుడుకాయ’ అని వెనక బెంచీకి పంపుతారు. హామిద్ చదివే మదర్సా గురించి కూడా ప్రేమ్‌చంద్ చెప్పాడు: అక్కడ పని ఎగ్గొట్టే పెద్ద పెద్ద పిల్లలు రోజూ దెబ్బలు తింటూ ఉన్నారట. నవ్వుతూ దాటిపోయే ఆ ముక్క దగ్గర ఏ టీచరైనా ఆగారా? ఈ కథను మనం హామిద్ త్యాగానికి మాత్రమే కాదు, హామిద్ వాదనకు చదవాలి.

బడివైపునుంచి దీనికి జవాబు వెతికిన పుస్తకం గుజరాతీలో గిజుభాయి రాసిన ‘దివాస్వప్న’, తెలుగులో ‘పగటికల’. అందులో లక్ష్మీరామ్ మాస్టారు నాలుగో తరగతి తీసుకుంటాడు. మొదటిరోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట మొదలుపెట్టి ఘోరంగా ఓడిపోతాడు. ఆ తర్వాత కథ చెబుతాడు. అల్లరి దానంతటదే ఆగిపోతుంది. ముందు కుదురు, తర్వాత పాఠం అనే వరసను ఆయన తిరగేశాడు. పాఠం పట్టుకుంటే కుదురు వస్తుంది. గిజుభాయి తక్కువ చేసిన సంగతి ఒకటుంది: ఆ కథ పిల్లకు తెలిసిన భాషలో ఉండాలి. దక్కనీ మాత్రమే తెలిసిన పిల్లకు ఎంత మంచి తెలుగు కథైనా మొదటివారం చప్పుడే.

చట్టం ఏం చెబుతోంది? 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం చేర్చుకునేటప్పుడు పిల్లల్ని వడపోయవద్దంది. కొట్టవద్దంది, మానసికంగా వేధించవద్దంది. వీలైనంతవరకు మాతృభాషలో చెప్పమంది. 2012 సవరణతో మదర్సాలూ వేదపాఠశాలలూ ఆ చట్టంనుంచి బయటికొచ్చాయి. మన పెద్దలు కొందరు దీన్ని గెలుపుగా చెప్పుకున్నారు. ఆ గెలుపులో బెత్తానికి కూడా మినహాయింపు దొరికిందని ఎవరూ చెప్పుకోలేదు. అయితే మా పిల్లలంతా మదర్సాల్లోనే ఉన్నారనుకునే సెక్యులర్ మిత్రులకు ఒక మాట. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాల్లో చదివేవాళ్లు నూటికి ముగ్గురో నలుగురో అని 2006లోనే సచార్ కమిటీ లెక్క చెప్పింది. మిగతావాళ్లు మీ పిల్లల పక్క బెంచీలోనో, అసలు బడి బయటో ఉన్నారు.

2021లో ఒకటో తరగతి పిల్లలకోసం ‘విద్యాప్రవేశ్’ అని మూడు నెలల ఆటపాటల కార్యక్రమం వచ్చింది. మంచిదే. కానీ పిల్లే బడికి తయారవ్వాలన్న ఆలోచన సగమే. యూనిసెఫ్ 2012లో ఇదే విషయం మీద రాస్తూ, తయారవ్వాల్సింది పిల్లలూ, కుటుంబాలూ, బడులూ, మూడూ అంది. మన దగ్గర మొదటి దానికి పరీక్ష, రెండోదానికి తిట్లు. మూడోదాని గురించి అడిగేవాడు లేడు.

అయితే క్రమశిక్షణ వద్దా అంటారు. నలభైమంది పిల్లలున్న గదిలో ఒంటరిగా నిలబడే టీచరు కష్టం తెలియనిది కాదు. కావాలి. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలి. వంతు ఆగాలి. పక్కవాణ్ని కొట్టకూడదు, ఏడిపించకూడదు. ప్రతి నియమాన్నీ ఒక్క ప్రశ్న అడిగితే చాలు: దీన్ని పాటించకపోతే ఇంకో బిడ్డ చదువు ఆగుతుందా? ఆగితే అది బడి నియమం, షేక్ అయినా శర్మ అయినా పాటించాల్సిందే. ఆగకపోతే అది ఎవరి ఇంటి అలవాటో. దాన్ని తయారీ పేరుతో మా పిల్లల మీద రుద్దవద్దు. మన మక్తబ్‌ల్లోనూ ఇదే ప్రశ్న అడగాలి.

మా బిడ్డ తమీజ్‌తోనే వస్తుంది. సలాం చెప్పడం, పెద్దవాళ్లు వస్తే లేచి నిలబడటం, ఇంటికొకరు వస్తే ముందు నీళ్లివ్వడం నేర్చుకునే వస్తుంది. ఇక బడి నేర్చుకోవాల్సింది ఉంది. బిడ్డ పేరు వంకర్లు లేకుండా పిలవడం. దాహం, నొప్పి, భయం, బాత్రూం అనే నాలుగు మాటలైనా ఆ బిడ్డ భాషలో అర్థం చేసుకోవడం. కుడివైపునుంచి పుస్తకం తెరిచిన పిల్లను చూసి నవ్వకుండా, ‘ఇది ఎక్కడ నేర్చుకున్నావు బిడ్డా?’ అని అడగడం. ఇంత కొంచెం తమీజ్ బడికి వచ్చిన రోజు, హాజరు పిలిస్తే మా పిల్లల గొంతులు కూడా గట్టిగానే వినబడతాయి.